అట్టల పీట

ఆ ఇంట్లో అందరూ ఆమెను జిగురు పెద్దమ్మ అనేవాళ్లు. చెల్లెలి పిల్లలకు వరసకు పెద్దమ్మ. ప్రజా గ్రంథాలయంలో చినిగిన పుస్తకాలను మళ్లీ కుట్టి అట్టలు కట్టే ఉద్యోగం కాబట్టి జిగురు. ముప్పై ఒక్క ఏళ్లుగా అదే పని. ఎంత తోమి కడిగినా గోళ్ల పక్కన ఎండిన జిగురు పొర ఎక్కడో ఒకచోట అంటుకునే ఉండేది. చెల్లెలి కొడుకు చిన్నప్పుడు ఆ చెయ్యి పట్టుకుని, ఇక ఊడి రాదేమోనన్నట్టు గింజుకుంటూ నాటకం ఆడేవాడు. వాడిప్పుడు ఆసుపత్రిలో నర్సు. నాటకం పోయింది, పేరు నిలిచిపోయింది.

ఆమెకు పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదని అడిగేవాళ్లు ఒక్కొక్కరే అలసిపోయి మానుకున్నారు. ఊరికి ఈ చివర మూడో అంతస్తులో ఆమె గది, ఆ చివర చెల్లెలి ఇల్లు. ప్రతి ఆదివారం ఆరాధన ముగిశాక బస్సెక్కి అక్కడికి వెళ్లేది. భోంచేసేది, గిన్నెలు తుడిచేది, ఐదింటి బస్సుకు తిరిగొచ్చేది. పదకొండేళ్లలో వాళ్లు ఆమె గదికి వచ్చింది ఒక్కసారే, సామాను దించిన రోజున. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. చెల్లెలు కుట్టుమిషను తొక్కి తొక్కి మోకాళ్లు అరగదీసుకుంది, మెట్లంటే హడలు. మరిది కరెంటు మీటర్లు చూసే ఉద్యోగి. వారమంతా పరాయివాళ్ల మెట్లెక్కి దిగి, ఆదివారం నాడు మెట్టన్న మాట వినిపిస్తే చాలు దణ్ణం పెట్టేవాడు. పిల్లలకు వాళ్ల పనులు. ఎలాగూ ఆమె వస్తూనే ఉంది కదా.

నవంబరు మొదటి ఆదివారం భోజనాలయ్యాక చెల్లెలి కూతురు చెంచాతో బల్ల మీద కొట్టి అందరినీ కూర్చోబెట్టింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్ల. చెత్త గురించి చదివి చదివి చెత్తబుట్టకు కాపలాదారైపోయిందని వాళ్ల నాన్న వేళాకోళం చేసేవాడు. ఈ క్రిస్మస్‌కు ఎవరూ ఏదీ కొనకూడదని ఆ పిల్ల చెప్పింది. పారేయబోయే వస్తువుల్లోంచే, సొంత చేత్తో, ఒకరు ఒకరికి కానుక చేయాలి. ప్లాస్టిక్కు లేదు, మెరుపు కాగితం లేదు, టేపు అసలే లేదు. మట్టిలో వేస్తే మట్టయిపోయేదే కావాలి. ఎవరు ఎవరికి చేయాలో చీటీలు చెబుతాయి. విప్పినవాళ్లు అది ఎవరు చేశారో కనిపెట్టాలి, చేసినవాళ్లు లేచి ఒప్పుకోవాలి.

"మట్టిలో వేస్తే మట్టయ్యేదాన్ని నేనొకదాన్ని ఉన్నానుగా, నన్ను కట్టి ఇచ్చేయండి" అంది నాయనమ్మ. ఆవిడ మరిదికి తల్లి. ఎనభై మూడేళ్లు.

ఆరుగురు, ఆరు చీటీలు. ఆ పిల్ల హడావుడిలో తన వరసలే రాసేసింది: అమ్మ, నాన్న, అన్నయ్య, నాయనమ్మ, పెద్దమ్మ, నేను. మరిదికి 'నేను' వచ్చింది. ఆయన అది చదివి, నాకు నేనే వచ్చానంటూ నవ్వడం మొదలుపెట్టాడు. నేను అంటే నువ్వు కాదు, నేను అని కూతురు, నేను కాకపోతే నువ్వెలా అవుతావని తండ్రి. ఆ గోల తేలేసరికి ఎవరికి ఎవరొచ్చారో ఇల్లంతా తెలిసిపోయింది. మళ్లీ మడిచి మళ్లీ తీశారు. ఈసారి నాయనమ్మ తన చీటీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని "నాయనమ్మ" అని కూడబలుక్కుని పైకి చదివింది. మూడోసారికి కొడుకు బూట్లు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆసుపత్రిలో వాడి డ్యూటీ మొదలవబోతోంది.

"ఇంకోసారి తీయాలంటే నా పేరు కొట్టేయండి" అన్నాడు.

పెద్దమ్మ గిన్నెలు తుడుస్తూ ఉండటం వల్ల మూడుసార్లూ ఆఖరి చీటీ ఆమెదే. తడి చెయ్యి తుడుచుకుని విప్పింది. గుండ్రటి అక్షరాలతో 'పెద్దమ్మ' అని ఉంది.

"ఎవరి పేరు వాళ్లకి రాలేదుగా?" అని అడిగింది చెల్లెలి కూతురు, ఒక్కొక్కరి ముఖం వంక చూస్తూ. ఒక్కొక్కరూ తల అడ్డంగా ఊపారు. పెద్దమ్మ తల కూడా ఊగింది. ఆ తల తనదేనా అని ఆమెకే అనుమానం వచ్చింది.

బస్సులో కూర్చున్నాక, వచ్చే ఆదివారం చెప్పేద్దామనుకుంది. వచ్చే ఆదివారానికి అందరూ పనిలో పడిపోయారు. చెల్లెలు ఆమెను చూడగానే మిషను మీద దుప్పటి కప్పింది. మరిది జుట్టులో రంపపు పొట్టు. నాయనమ్మ దిండు కింద ఏదో దాచి దాని మీదే కూర్చుంది. ఇప్పుడు నోరు విప్పితే ఇవన్నీ విప్పాలి. ఆమె గిన్నెలు తుడిచి వచ్చేసింది.

ఇంకో ఆలోచన కూడా ఉంది, దాన్ని ఒప్పుకోవడానికి కొంచెం సిగ్గుపడింది. ప్రతి క్రిస్మస్‌కూ ఆమెకు తువ్వాలు వచ్చేది. ఏ ఏడు ఎవరు కొన్నా తువ్వాలే. పెద్దమ్మకేం కావాలో తెలియక ఎవరో ఒకరు ఏటా దుకాణంలో తల గోక్కుంటూ నిలబడి ఉంటారు. ఈసారి ఆ తిప్పలు ఎవరికీ లేవు. కానీ మనసులో ఒక మూల, తల గోక్కునే ఆ మనిషి కూడా లేకుండా పోయాడే అని ఉండేది.

పడుకోబోయే ముందు ప్రార్థనలో ఆమె ఎప్పుడూ పేర్ల వరస తప్పేది కాదు. చెల్లెలు, మరిది, ఆయన తల్లి, ఇద్దరు పిల్లలు, గ్రంథాలయాధికారి, కింది వాటాలో దగ్గుతూ ఉండే ముసలాయన. ఆ వరసలో తన పేరు ఎన్నడూ లేదు. లేదన్న సంగతి కూడా చీటీ వచ్చాకే తెలిసింది. "ప్రభువా, చీటీ నువ్విచ్చావా, మిగిలిపోయింది కాబట్టి నాకొచ్చిందా?" అని అడిగింది. జవాబు ఏమీ రాలేదు. ఆమెకు అలవాటే కాబట్టి నొచ్చుకోలేదు. చీటీని పాటల పుస్తకంలో పెట్టుకుంది.

పెద్దమ్మకు ఏం చేయాలి? పరాయి మనిషికైతే ఎలా ఆలోచిస్తామో అలాగే ఆలోచిద్దామనుకుంది. ఒక సాయంత్రం గది బయటికి వెళ్లి తలుపు వేసి, మళ్లీ తీసి, ఈ గదిలో ఉండే మనిషికి ఏం తక్కువైందో చూద్దామని లోపలికి వచ్చింది. తువ్వాళ్లు తక్కువ లేవు. అలమరలో కట్ట కట్టి ఉన్నాయి, సగం విప్పను కూడా లేదు. పుస్తకాలున్నాయి. మంచం, కిటికీ ముందు బల్ల, బల్ల ముందు ఒక కుర్చీ. ఒక కప్పు. వచ్చిన మనిషి ఎక్కడ కూర్చోవాలా అని అప్పుడు ఆలోచించింది. కుర్చీలో కూర్చుంటే ఈ గది ఆవిడ నిలబడాలి. మంచం మీద కూర్చోమనడానికి అంత దగ్గరివాళ్లు ఎవరు? రెండో మనిషికి చోటు లేదు. చోటు లేక ఎవరూ రాలేదా, ఎవరూ రాక చోటు లేదా అన్నది ఆమెకు తేలలేదు. కానీ చేయాల్సింది తేలింది.

గ్రంథాలయం అడుగు అంతస్తులో ఆమె పని గది. ఒకప్పుడు నలుగురు కూర్చునేవాళ్లు, ఇప్పుడు ఒక్కతే. గోడ పొడవునా వెన్ను విరిగిన పుస్తకాలు, ఇనప చక్రం తిప్పితే దిగే పెద్ద ప్రెస్సు, మైనం పట్టించిన దారం ఉండలు. కత్తిరింపుల్లో మిగిలిన అట్టముక్కలు గోతాల్లో పడి ఉండేవి. నెలకోసారి వాటిని పాత కాగితాలవాడు పట్టుకుపోయేవాడు. ఆమె ఈ నెల గోతాన్ని ఆపింది. పని గంటలయ్యాక రోజుకో అరగంట కూర్చుని, పిండితో కాచిన జిగురు పూసి ముక్క మీద ముక్క అతికించింది. పుస్తకం అట్ట అయితే ఎన్ని వేలు కట్టిందో. పీట ఎన్నడూ కట్టలేదు.

మొదటిదాన్ని నాలుగు పలకలతో డబ్బాలా కట్టింది. చూడముచ్చటగా వచ్చింది. గదికి తెచ్చి, కుర్చీ ఎదురుగా పెట్టి, తనే మెల్లగా కూర్చుంది. అది ఒక క్షణం ఆలోచించి, పక్కకు ఒరిగి, చతికిలబడింది. ఆమె నేల మీద పడింది. కాళ్లు బార్లా చాపుకుని, చుట్టూ అట్టలతో ఉన్న తన అవతారం చూసుకుని పకపకా నవ్వింది. నవ్వు గోడకు తగిలి తిరిగొచ్చాక ఆపేసింది. ఆ గదిలో పైకి నవ్విన చప్పుడు వినడం ఆమెకు కొత్త. ఎవరో వచ్చినట్టే అనిపించింది.

రెండోదానికి బుద్ధి వచ్చింది. లోపల పలకలను అడ్డంగా, నిలువుగా గాట్లు పెట్టి ఒకదాన్లో ఒకటి దించింది, తేనెపట్టులో గదుల్లాగా. ఒక్కో పలకా ఏడు అట్టల మందం. రెండు రోజులు ప్రెస్సు కింద ఉంచింది. ఆ ప్రెస్సులో ఇంత లావు వస్తువు చూసి గ్రంథాలయాధికారి ఆగాడు. ఎవరికని అడిగాడు.

"పెద్దమ్మకి."

"మీకింకా పెద్దమ్మ ఉన్నారా? ఎంత వయసు?"

"యాభై ఎనిమిది."

ఆయన లెక్క వేసుకుంటూ మెట్లెక్కి వెళ్లిపోయాడు.

పైన కప్పడానికి పాత అట్టల నుంచి ఊడదీసిన క్యాలికో గుడ్డ వాడింది. ఎరుపు, ముదురాకుపచ్చ, నలుపు, రంగు పోయిన నీలం. ఒక ఎరుపు ముక్క మీద 'మూడవ సంపుటం' అని బంగారు అక్షరాలు ఇంకా మెరుస్తున్నాయి. దాన్ని దాచాలనిపించలేదు, పక్కన కనబడేలా అతికించింది. మూలల దగ్గర గుడ్డను తన పద్ధతిలో మడిచింది, లోపలికి ఒకటి, పైకి ఒకటి, కొసను చిన్న నాలుకలా దోపి. కూర్చునే చోట మెత్తగా ఉండటానికి ఏం పెట్టాలా అని వెతికి, అలమరలోంచి మూడు కొత్త తువ్వాళ్లు తీసింది. ఎత్తు కొలవడానికి కూర్చునే మనిషి లేదు. దిండ్లు పేర్చి, వాటికి ఒక తల ఉన్నట్టు ఊహించుకుని, కంటితో కొలిచింది.

పని నడిచిన ఆ ఆరు వారాలూ సాయంత్రాలు బాగానే గడిచాయి. పీట పూర్తయిన రోజున మాత్రం గది మునుపటికంటే పెద్దదైపోయింది.

కానుకలు ఎవరు తెచ్చారో తెలియకుండా ముందే తెచ్చి హాల్లో తెర వెనక పెట్టాలన్నది నియమం. అందరూ బయట ఉండే వేళ చూసుకుని, గ్రంథాలయం పారేసిన పాత భూపటాల కాగితంలో చుట్టి, దారంతో కట్టి తీసుకెళ్లింది. ఇంట్లో నాయనమ్మ ఒక్కతే కునుకు తీస్తోంది. ఏంటా మోత అని కళ్లు మూసుకునే అడిగింది. ఏం లేదు అత్తయ్యగారూ, పడుకోండి అని చెప్పి పెద్దమ్మ దొంగలా బయటపడింది.

క్రిస్మస్ రోజు ఆరాధన నుంచి నేరుగా అందరూ ఇంటికొచ్చారు. తెర తీశారు. చిన్నవాళ్ల నుంచి పెద్దవాళ్ల దాకా వరసగా విప్పాలన్నారు.

మొదట కూతురు. బడి పిల్లల దుస్తుల ముక్కలతో కుట్టిన సంచి. ఈ నీలం గుడ్డ ఊళ్లో సగం మంది పిల్లల ఒంటి మీదుంది, ఇది కనిపెట్టడానికి తెలివెందుకని ఆ పిల్ల తల్లి మెడ కావలించుకుంది. తర్వాత కొడుకు. పాత స్వెట్టరు విప్పిన ఊలుతో టోపీ, ఒక చెవి పొడుగు, ఒక చెవి పొట్టి. నాయనమ్మా, నా చెవుల్లో ఏది పెద్దదో కొలిచావా అని వాడు అడిగాడు. చెల్లెలికి మోకాళ్లకు కాపడం పెట్టుకునే గింజల మూట వచ్చింది. ఆసుపత్రి వాసన వేస్తోందని వెంటనే కొడుకును పట్టేసింది. మరిదికి పాత క్యాలెండరు కాగితాల వెనకవైపులు కలిపి కుట్టిన పుస్తకం. చెత్తబుట్ట కాపలాదారు దొరికింది అని ఆయన కూతురిని చూపించాడు. ఆ కుట్టు చెల్లెలి కూతురికి పెద్దమ్మే నేర్పింది. రెండుచోట్ల దారం వదులైంది. పెద్దమ్మ చూసి, చూడనట్టు ఊరుకుంది.

అప్పటికిగానీ ఆమెకు ఒక సంగతి తట్టలేదు. ఆరు వారాలు అట్టల లెక్క, జిగురు లెక్క, ఎత్తు లెక్క వేసిన మనిషి, మనుషుల లెక్క వేయలేదు. నలుగురు విప్పారు, నలుగురు దొరికిపోయారు. మిగిలినవి తనది, నాయనమ్మది. చేసినవాళ్లలో మిగిలింది మరిది, తను.

"వదినా, ఇంత పెద్దదొచ్చిందంటే మీరంటే ఎవరికో ప్రాణం" అంటూ మరిది దాన్ని ఆమె ముందుకు జరిపాడు.

ఆమె దారం విప్పింది. తను వేసిన ముడే అయినా రాలేదు, చాలాసేపు పట్టింది. పటాల కాగితం తొలగించగానే చెల్లెలి కూతురు అబ్బ అంది. కొడుకు దాని మీద కూర్చుని, కాళ్లు పైకెత్తి, గట్టిగానే ఉందన్నాడు. ఎవరు చేశారో చెప్పమని అందరూ ఆమె ముఖం చూశారు.

"అత్తయ్యగారా?" అంది.

నేను టోపీయే తిన్నగా అల్లలేకపోయానని నాయనమ్మ అంది. అందరూ నవ్వారు. ఇక మిగిలింది ఒక్కరే.

"మరిదిగారూ, మీరేనా?"

ఆయన కాదనబోయాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో ఆమె కళ్లు చూశాడు. ఊరందరి ఇళ్లలోకీ వెళ్లి, మీటరు చూసి, మనుషుల ముఖాలు చూడనట్టు బయటికి రావడం ఆయన ఉద్యోగం. చూడనట్టు ఉండేవాడే గానీ, అన్నీ చూసేవాడు.

"దొరికిపోయాను వదినా" అని లేచి నిలబడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లెలు ఒక్కతే కొట్టలేదు. ఆమె ఆ పీటను తిరగేసి, మూల మీద వేలు పెట్టి చూస్తోంది.

దేవుడి పుట్టినరోజున, దయతో చెప్పిన అబద్ధాన్ని ఆయన ఏ ఖాతాలో వేస్తాడో మనకు తెలియదు. అది మాత్రం అయిదు నిమిషాలు కూడా నిలవలేదు. ఆఖరి పొట్లం నాయనమ్మది. అందులో చేతికర్ర. పైన వంకీ తిరిగిన పాత గొడుగు పిడి.

"ఇది వీళ్ల తాత గొడుగు పిడి. మావాడు నలభై ఏళ్లుగా అటక మీద దాచాడు. ఇంకెవరు చేస్తారు?" అని ఆవిడ ఆ కర్ర కొసతోనే మరిదిని చూపించింది.

చెల్లెలి కూతురు వేళ్లు మడుస్తోంది. "నాన్నా, నువ్వు రెండు చేశావా?"

"ఉత్సాహం కొద్దీ" అన్నాడాయన.

"మరి పెద్దమ్మ ఎవరికి చేసింది?"

కొడుకు టోపీ తీసేశాడు.

"తనకే చేసుకుంది" అంది చెల్లెలు. పీటను నిటారుగా నిలబెట్టింది. "ఈ మూల మడత నాకు తెలుసు. నా బడి పుస్తకాలన్నిటికీ అట్టలు వేసింది ఈ చెయ్యే." అక్క వైపు తిరిగి అడిగింది, "నీ గదిలో కుర్చీ ఉందిగా అక్కా?"

"ఉంది" అంది పెద్దమ్మ. "ఒకటే ఉంది."

చెల్లెలి కూతురు కళ్లనీళ్లు పెట్టుకుని, నాకు చెప్పొచ్చుగా పెద్దమ్మా అంది. మూడోసారి కదమ్మా, అన్నయ్య గుమ్మంలో నిలబడ్డాడు కదా అని పెద్దమ్మ నవ్వబోయింది. నవ్వు రాలేదు.

చెల్లెలికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. "పండగపూట నా ఇంటికి నీ కానుక నువ్వే చేసుకుని మోసుకొస్తావా? నేను చచ్చాననుకున్నావా?" అనేసి వంటింట్లోకి పోయింది. గిన్నెల చప్పుడు పెద్దగా వినిపించింది. ఆ మధ్యాహ్నమంతా కావలసినవి అందించింది, కావలసినంతే మాట్లాడింది. ఆరోజు గిన్నెలు కూడా పెద్దమ్మను తుడవనివ్వలేదు.

ఐదింటి బస్సు పండగ జనంతో కిక్కిరిసి ఉంది. కూర్చోవడానికి చోటు లేదు. పీటను చంకన పెట్టుకుని నిలబడలేక, వెనక తలుపు దగ్గర కింద పెట్టి దాని మీద కూర్చుంది. కండక్టరు చూసి, "సీటు ఇంటి నుంచే తెచ్చుకున్నారా అమ్మా" అన్నాడు. అవునయ్యా అంది. అందరి నడుములూ ఆమె ముఖం ఎత్తున ఉన్నాయి.

గదిలో దాన్ని కుర్చీకి ఎదురుగా పెట్టింది. మర్నాడు పని నుంచి వచ్చేసరికి అది అక్కడే ఉంది. ఇంకెక్కడికి పోతుంది? రెండు రోజులు పోయాక దాని మీద పుస్తకాలు పెట్టింది. కాసేపు చూసి తీసేసింది. పుస్తకాలు పెడితే అది బల్ల అయిపోతుంది. ప్రార్థనలో ఇంకేం అడగాలో తోచక, మాట వరసకు, నా మీద చెల్లెలి కోపం తగ్గించమని అడిగింది. ఆ వాక్యంలో తను కూడా ఉంది కాబట్టి, అడిగాక కొంచెం సంకోచపడింది.

ఆదివారం ఆమె చెల్లెలి ఇంటికి వెళ్లలేదు. పదకొండేళ్లలో మొదటిసారి. జలుబని కబురు చేసింది. జలుబు లేదు. ఆరాధన నుంచి వచ్చి, కుర్చీలో కూర్చుని, కిటికీలోంచి ఎదుటి మేడ మీద ఆరేసిన బట్టలను చూస్తూ ఉండిపోయింది. కబురుకు జవాబుగా చెల్లెలి కూతురు ఫోను చేసి, ఆవిరి పట్టు పెద్దమ్మా అంది. అమ్మ ఏం చేస్తోందని అడిగితే, మిషను తొక్కుతోంది అంది. ఆదివారం పూట కూడానా అని పెద్దమ్మ అడగలేదు.

గ్రంథాలయానికి బుధవారం సెలవు. ఆ బుధవారం మధ్యాహ్నం ఆమె బట్టలు మడుస్తూ ఉంటే మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఆ మేడలో ప్రతి మనిషి అడుగూ ఆమెకు తెలుసు. కింది వాటా ముసలాయన రెండు అడుగులకో దగ్గు. పక్క గది కుర్రజంట పరుగు. ఇది వాళ్లది కాదు. ఇది ఒక అడుగు వేసి, రెండో కాలును దాని పక్కకు లాక్కుని, ఆగుతోంది. మొదటి అంతస్తులో చాలాసేపు ఆగింది. రెండో అంతస్తులో ఇంకా ఎక్కువసేపు ఆగింది. దిగిపోతుందేమోనని పెద్దమ్మ చేతిలో తువ్వాలుతో కదలకుండా నిలబడింది. అడుగు మళ్లీ మొదలైంది.

తలుపు ముందే తీసి ఉంచాలా, తట్టేదాకా ఆగాలా అని ఆలోచిస్తుండగానే తట్టారు.

చెల్లెలు. ముఖమంతా చెమట, చెయ్యి గోడ మీద. లోపలికి రమ్మనేలోపే వచ్చి, ఎదురుగా కనిపించిన పీట మీద కూలబడి, మాట పెగిలేదాకా ఊపిరి తీసుకుంది.

"జలుబు ఏది?" అంది ముందుగా.

"తగ్గిపోయింది."

"అబద్ధాలు నీకు రావు, మా ఆయనకూ రావు. ఎందుకు మొదలుపెడతారో." నేల మీదికి చూసింది. "ఇన్ని మెట్లా? సామాను దించిన రోజు ఇన్ని లేవు."

"అప్పుడు నీకు మోకాళ్లు ఉండేవి."

చెల్లెలికి నవ్వు వచ్చింది గానీ ఆపుకుంది. నవ్వడానికి రాలేదు కదా. పీట అంచు తడిమి, మెత్తగా ఉంది, లోపల ఏం పెట్టావని అడిగింది. మీరిచ్చిన తువ్వాళ్లే అని పెద్దమ్మ చెప్పింది. చెల్లెలు పీట అంచు మీది నుంచి చెయ్యి తీసేసింది. ఏటా తువ్వాలు కొన్నది ఎవరో పెద్దమ్మకు అప్పుడు తెలిసింది.

"ఏం కావాలో చెబితేగా" అంది చెల్లెలు చివరికి, గొంతు తగ్గించి. "ఎప్పుడడిగినా ఏం వద్దంటావు. వద్దనేవాళ్లకి తువ్వాలు కాక ఏమిస్తారు?"

అది నిజమే. పెద్దమ్మ టీ పెడతానంది.

చెల్లెలు సాయం చేద్దామని లేవబోయి లేవలేకపోయింది. దిండ్ల మీద కంటితో కొలిచిన ఎత్తు తప్పింది. పీట మరీ కురచ. మోకాళ్లు గడ్డం దాకా వచ్చి ఇరుక్కుపోయాయి. ముప్పై ఒక్క ఏళ్లుగా చేయి తిరిగిన పనిమంతురాలివి, ఇంత కురచగా ఎవరికి కట్టావు, పిల్లలకా అని చెల్లెలు సాధించింది. పెద్దమ్మ రెండు చేతులూ ఇచ్చింది. ఇద్దరూ కలిసి మూలుగుతూ, ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ లేచారు. ఆ చేతులు ఆమె వెంటనే వదల్లేదు. జిగురు ఇంకా పోలేదా అంది చెల్లెలు, గోళ్లు చూస్తూ.

"కుర్చీలో కూర్చో. నీకు అదే సరి" అంది పెద్దమ్మ.

కప్పు చెల్లెలికిచ్చి, తను గిన్నెలో పోసుకుంది. ఆ గిన్నెలో జిగురు కాయవు కదా అని చెల్లెలు అనుమానపడింది. కాస్తాను, కడిగాను అంది పెద్దమ్మ. ఇక కూర్చోవడానికి మిగిలింది పీట ఒక్కటే.

ఆమె దాని మీద కూర్చుంది. చెల్లెలికంటే పొట్టి కాబట్టి ఆమె మోకాళ్లకు సరిగ్గా సరిపోయింది. పదకొండేళ్లుగా ఆమె ఆ కుర్చీలో కూర్చుని కిటికీ చూసేది. ఇప్పుడు కిటికీ చెల్లెలి వెనక ఉంది. వెలుతురు చెల్లెలి నెరిసిన జుట్టు చివర పడుతోంది, ముఖం కొంచెం నీడలో ఉంది. తన కుర్చీలో ఒక మనిషి కూర్చుంటే ఎలా ఉంటుందో ఆమె అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"ఏంటి అలా చూస్తున్నావు?" అంది చెల్లెలు.

"ఏం లేదు. తాగు, చల్లారిపోతుంది."